కరెంటు పోయినా ఆగని రొద

మా రోజుల్లో హొసూరులో ప్రతి చప్పుడుకూ ఒక యజమాని ఉండేవాడు. తెల్లవారుజామున గరగరమంటే పక్కింటి ఇసుర్రాయి, రాగులు విసురుతున్నారని అర్థం. కీచుకీచుమంటే కపిల బావి గిలక. దానికి చమురు పెట్టని పిసినారి ఎవడో కూడా ఊరందరికీ తెలుసు. కూక్, కూక్ అని పొగగొట్టం కూస్తే పిండిమిల్లు ఆయిలింజను. ఆ కూత కాస్త తడబడితే "డీజిల్ అయిపోవచ్చింది, బిరీన పోయి రాగులు ఆడించుకుని రా" అని మా అమ్మ నన్ను తరిమేది. కృష్ణగిరి పక్క చుట్టాలింటికి పోతే, పూత కాలంలో మామిడితోట మొత్తం జుమ్మనేది. అదీ రొదే. కానీ తలెత్తి చూస్తే ఈగలు కనబడేవి.

యజమాని ఉంటే తిట్టడానికి వీలుండేది. ఇప్పటివాళ్ళకు అర్థం కానిది ఇదే. రాత్రి పొద్దుపోయాక కూడా మిల్లు ఆడితే మా నాయన తుండుగుడ్డ భుజాన వేసుకుని వెళ్ళి నాలుగు మాటలు అనేసి వచ్చేవాడు. మిల్లు ఆగేది. మర్నాడు అదే మిల్లుకు మేమే గంప ఎత్తుకుని పోయేవాళ్ళం, ఆయన కొలతలో ఓ పిడికెడు ఎక్కువే వేసేవాడు. తిట్టు అక్కడికక్కడే చెల్లిపోయేది.

ఇప్పుడు మా పడకగదిలో ఒక రొద ఉంది. ఎవరిదో తెలియదు. రాత్రి పదకొండు దాటి వీధి సద్దుమణిగాక మొదలవుతుంది. ఎక్కడో నాలుగు వీధుల అవతల లారీని ఆపి ఇంజను ఆపకుండా వదిలేసినట్టు, వూ... వూ... అని ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. కిటికీ తెరిస్తే తగ్గుతుంది, మూస్తే పెరుగుతుంది. ఇదెక్కడి న్యాయం? మా రోజుల్లో కిటికీ మూస్తే చప్పుడు బయటే ఉండిపోయేది.

ఇంట్లో చెబితే కోడలు, "నాకేం వినబడలేదు మామా, వయసైంది గదా" అంది. నెమ్మదిగానే అందిలెండి. చెవి డాక్టరు దగ్గరికి పోతే చెవుల్లో గొట్టాలు పెట్టి, పై స్థాయి శబ్దాలు తగ్గాయి, కింది స్థాయి బాగానే ఉంది అన్నాడు. అంటే పిచ్చుక కూత పోయింది, మోటారు మోత మిగిలింది. వయసు చేసే పని ఇదేనట. సన్నని శబ్దాలను ముందు తీసుకుపోతుంది, లావు శబ్దాలను మనకే వదిలిపెడుతుంది. గుడి దగ్గర కూర్చునే ఒక పెద్దాయన ఇంకో మాట అన్నాడు. "అన్నా, అది అనాహత నాదం. యోగులకు ఏళ్ళ సాధన మీద గానీ వినబడదు." హఠయోగ ప్రదీపికలో తుమ్మెద నాదం, గంట నాదం, వేణునాదం అని ఉన్న మాట నిజమే. కానీ యోగులకు వినబడే నాదం కిటికీ తెరవగానే తగ్గుతుందని అందులో ఎక్కడా లేదు.

కరెంటు బోర్డు (ఈబీ) వాళ్ళకు చెప్పాను. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు ఉంది కదా, దానిదేమో చూడండి అని. వచ్చిన కుర్రవాడు మంచివాడు. ట్రాన్స్‌ఫార్మరు మోత ఎలా ఉంటుందో అతనే చెప్పాడు. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ప్రతి ఊపులోనూ లోపలి ఇనుప రేకులు అయస్కాంతం పట్టుకు రెండుసార్లు సాగి ముడుచుకుంటాయి. కాబట్టి అది 100 హెర్ట్జ్ దగ్గర గుయ్‌మంటుంది, ఏకధారగా ఉంటుంది, ఉబ్బడం తగ్గడం ఉండదు. "మీరు చెప్పేది ఉబ్బుతోంది గదా సార్, అది మాది కాదు" అని వెళ్ళిపోయాడు. చేతులు దులుపుకున్నా కారణం చెప్పి దులుపుకున్నాడు, అంతవరకు మెచ్చుకోవాలి.

ఆ ఉబ్బు తగ్గుల సంగతి తర్వాత నాకు తెలిసింది. నీళ్ళ మోటార్లు ఎక్కువగా నిమిషానికి 2,880 చుట్ల దగ్గర తిరుగుతాయి, అంటే సెకనుకు 48. పక్క మేడ మీద ఇంకో మోటారు బరువు ఎక్కువై కాస్త మెల్లగా, సెకనుకు నలభై ఏడున్నర తిరిగిందనుకోండి. రెండు మోతలూ కాసేపు కలిసి పెరుగుతాయి, కాసేపు ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి. రెండు సెకన్లకు ఒక వూ. అంటే నా గదిలో వినబడేది ఏ ఒక్కరిదీ కాదు, ఇద్దరు కలిసి చేసిన పని. ఇద్దరిలో ఎవరి గడప ఎక్కను?

లారీ అనిపించడానికీ కారణం ఉంది. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను నిమిషానికి 600 చుట్ల మీద ఊరికే ఆడుతుంటే సెకనుకు 30 పేలుళ్ళు. అదే స్థాయి మోత. హొసూరువాడికి ఆ మోత తెలియకపోవడం ఏమిటి? తమిళనాడు, కర్ణాటకల సరిహద్దులో జూజువాడి చెక్‌పోస్టు దగ్గర బారులు తీరిన లారీలను చూస్తూ పెరిగాం. కానీ ఆ లారీలు కనబడేవి. డ్రైవరు కిందికి దిగి టీ తాగుతూ కనబడేవాడు.

సిప్కాట్ పారిశ్రామికవాడ రాకముందు ఈ ఊరికి రాత్రి అంటే ఏమిటో చెబుతాను. సముద్రమట్టానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తు. ఇళ్ళల్లో ఫ్యాను అనేదే ఉండేది కాదు. ఫ్యాను కొన్నవాణ్ణి చూసి బెంగుళూరు వేషాలు అని నవ్వేవాళ్ళం. ధనుర్మాసంలో పొద్దు గూకితే తలుపులు బిడాయించుకోవడమే. ఆ చలి రాత్రుల్లో దూరపు మీటర్‌గేజి బండి కూత పక్క వీధిలో కూసినంత దగ్గరగా వచ్చేది. నేల చల్లబడి, పైన గాలి వెచ్చగా ఉంటే పైకి పోవలసిన శబ్దం వంగి మళ్ళీ కిందికే దిగుతుందట. బండి కూతను మోసుకొచ్చిన ఆ గాలే ఇప్పుడు కంప్రెసర్ల మోతను మోసుకొస్తోంది. గాలి మారలేదు, అది మోసే సరుకు మారింది. (కృష్ణగిరి పట్నంవాళ్ళకు ఆ రైలు కూత భాగ్యం కూడా లేదు. తిరుపత్తూరు నుంచి ఉండిన చిన్న బండిని 1941లో ఎత్తేశారు, ఇప్పటిదాకా ఇంకోటి రాలేదు. ప్రతి ఎన్నికకూ ఒకసారి వస్తుంది, మాటల్లో.)

ఆ తర్వాత కంపెనీలు వచ్చాయి. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ ఇక్కడే పుట్టింది, అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ కూడా ఆ ఏడాదే. ఎనభైలు దాటకముందే టైటాన్ గడియారాలు. వాటిని నేను తిట్టను. మా ఇంట్లోనే వాటి జీతం తిన్నవాళ్ళున్నారు. మొదట్లో వాటి చప్పుడు కూడా మాకు లెక్కలోకి వచ్చేది, షిఫ్టు సైరను విని గడియారం సరిచేసుకున్నాం. గడియారాలు చేసే ఊళ్ళో సైరను చూసి టైము పెట్టుకోవడం ఏమిటని ఇప్పుడు మనవడు నవ్వుతాడు. మా కాలం దాటాక సైరన్లు మానేశారు. మోత మాత్రం ఇరవై నాలుగు గంటలదైంది. క్రషర్లు, కోల్డ్ స్టోరేజీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, హైవే, సెల్ టవర్ల కింద జనరేటర్లు. ఏ ఒక్కటీ పెద్దది కాదు. అన్నీ కలిపి రాత్రి మీద ఒక పొర పరిచాయి.

ఇళ్ళు కూడా అలాగే కట్టుకున్నాం మరి! మా పాత ఇంటి గోడ మూరెడు మందం, మట్టీ రాయీ కలిపి పెట్టింది. పైన బండలు పరిచిన మిద్దె. గోడ ఎంత బరువుంటే అంత శబ్దాన్ని ఆపుతుంది, అందులో లావు శబ్దాన్ని ఆపాలంటే బరువు తప్ప వేరే మందు లేదు. ఇప్పుడు కడుతున్నవి లోపల డొల్లగా ఉండే హాలో బ్లాకులు. అవి పక్కింటి మాటను ఆపుతాయి, హారన్‌ను ఆపుతాయి, మోటారు మోతను మాత్రం దర్జాగా లోపలికి రానిస్తాయి. సన్న శబ్దాలన్నీ బయట ఆగిపోయి ఈ ఒక్కటే లోపలికొస్తే ఇంకేముంది, గది అంతా దాని రాజ్యమే. కిటికీ మూస్తే పెరిగేది అందుకే.

ఇంకో మాయ. 50 హెర్ట్జ్ మోత అల పొడవు దాదాపు 7 మీటర్లు. 11 అడుగుల గదిలో దాదాపు సగం అల పడుతుంది. అప్పుడు గది నడిమధ్య నిలబడితే ఏమీ వినబడదు, గోడ దగ్గర హోరెత్తుతుంది. మంచం తలవైపు ఎక్కడ ఉంటుంది? గోడకు ఆనించే కదా. రొద ఏదీ చూపించండి అని వచ్చినవాళ్ళందరూ గది మధ్యలో నిలబడి చెవులు రిక్కించి, "ఏమీ లేదే" అని వెళ్ళిపోతారు. నా దిండు మీద తల పెట్టి వినమంటే మొహమాటపడతారు.

ఈ జబ్బు మనకొక్కరికే కాదని తెలిసి కొంత ఊరట. ఇంగ్లండులో బ్రిస్టల్ ఊరివాళ్ళు డెబ్భైల్లోనే ఇలా మొత్తుకున్నారు. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని టావోస్ అనే చిన్న ఊళ్ళో గోల ముదిరి, 1993లో శాస్త్రజ్ఞులు పరికరాలతో దిగారు. అడిగినవాళ్ళలో నూటికి ఇద్దరికి వినబడుతోందని తేలింది, ఎక్కణ్ణుంచో మాత్రం తేలలేదు. ఇండియానా రాష్ట్రంలో కోకోమో అని ఇంకో ఊరు. మన హొసూరు లాంటి ఫ్యాక్టరీల ఊరే. ఆ ఊరివాళ్ళు లక్ష డాలర్లు పెట్టి శబ్దాల ఇంజనీర్లను పిలిపించారు. 2003లో ఇద్దరు దొంగలు దొరికారు. ఒక ఫ్యాక్టరీ కూలింగ్ టవర్ ఫ్యాన్లు 36 హెర్ట్జ్ దగ్గర, ఇంకో ఫ్యాక్టరీ కంప్రెసరు 10 హెర్ట్జ్ దగ్గర. వాటికి మూతులు బిగించారు. కొందరికి నిద్ర పట్టింది, కొందరికి రొద ఇంకా వినబడుతూనే ఉంది.

నాకు నచ్చిన కథ మాత్రం కెనడాలోని విండ్సర్‌ది. నదికి ఇవతల విండ్సర్, అవతల అమెరికా డెట్రాయిట్, మన తెలుగువాళ్ళు కుప్పలుగా ఉన్న చోటు. 2011 నుంచి విండ్సర్‌లో కిటికీలు అదిరేంత రొద. అక్కడి విశ్వవిద్యాలయంవాళ్ళు 2014లో నది అవతలి జగ్ ఐలాండ్ ఉక్కు కొలుముల వైపు వేలు చూపించారు. చూపిస్తే ఏం లాభం? రొద కెనడాలో, కొలిమి అమెరికాలో. 2020లో కొలుములు చల్లారాయి, రొద పోయింది. మనకూ రాష్ట్రం సరిహద్దు పిలిస్తే పలికేంత దూరంలోనే ఉంది. ఈ పక్క మోతకు ఆ పక్క ఆఫీసులో అర్జీ పెట్టి చూడండి, ఏమవుతుందో.

నేలలోంచి వచ్చిన చప్పుళ్ళే నయం, వాటికి సమాధానం దొరికింది. 2020 అక్టోబరులో హైదరాబాదు బోరబండలో భూమి లోపలినుంచి పెద్ద శబ్దాలు వచ్చి జనం వీధుల్లో కూర్చుంటే, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు వెళ్ళి పరికరాలు పెట్టి, పెద్ద వానలకు రాతి పగుళ్ళలోకి నీరు దిగి చిన్నచిన్న కదలికలు వస్తున్నాయని చెప్పారు. మన కుప్పం పక్కన రామకుప్పం మండలం పల్లెల్లో కూడా 2021 నవంబరు వానల తర్వాత అదే భయం. కోలారు బంగారు గనులవాళ్ళు మాత్రం ఇవన్నీ వింటే నవ్వుతారు. లోపల బండ పేలితే పైన వంటింట్లో గిన్నెలు కదలడం వాళ్ళకు ఆ గనులు 2001లో మూతపడేదాకా ఉన్న మామూలు. గిన్నెలు కదిలితే ముందు వాళ్ళకు గుర్తొచ్చేది లోపల ఎవరు షిఫ్టులో ఉన్నారన్నదే. భయానికి కారణం ఉండేది, ఆ కారణానికి ఒక మనిషి ముఖం ఉండేది.

చట్టం లేదా అంటే ఉంది. 2000లో శబ్ద కాలుష్య నియమాలు వచ్చాయి. ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెల్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45. కొలిచే మీటరు తెచ్చి పెడితే నా గదిలో చాలా తక్కువ చూపించింది. నేను అబద్ధాలకోరునన్నట్టు చూశారందరూ. ఆ మీటరు సంగతి వినండి. మనిషి చెవికి లావు శబ్దాలు సరిగా వినబడవని ఆ మీటరు ముందే తగ్గించి లెక్క వేస్తుంది. 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్ కోత, 50 దగ్గర 30 కోత. నిజంగా 60 ఉన్న మోతను 30 అని చూపిస్తుంది. 30 అంటే చట్టం ప్రకారం పరమశాంతి. కానీ నిశ్శబ్దమైన గదిలో 50 హెర్ట్జ్ మోత 44 దాటితే చాలు, మామూలు చెవికి వినబడుతుంది. పైగా లావు శబ్దం ఒకసారి వినబడటం మొదలయ్యాక కాస్త పెరిగినా చెవికి బాగా పెరిగినట్టే ఉంటుంది. తూకంలో మోసం చేసే వ్యాపారినైనా సంతలో పట్టుకోవచ్చు. చట్టమే తూకంరాయి పట్టుకుంటే ఎవరిని పట్టుకోవాలి?

పోనీ, ఇంట్లోదో బయటిదో తేల్చుకుందామని ఒక రాత్రి మెయిన్ స్విచ్ తీసేశాను. ఎవరికి తోచినా ఇదే మంచి పరీక్ష. మా రోజుల్లో కరెంటు పోయిందంటే లోకమే ఆగిపోయేది. ఫ్రిజ్ ఉన్న నాలుగిళ్ళల్లో ఫ్రిజ్ ఆగేది, రేడియో ఆగేది, అప్పుడు మనుషులు అరుగు మీదికి వచ్చి మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు మెయిన్ స్విచ్ తీసిన మరుక్షణం మెట్ల కింద ఇన్వర్టరు జుయ్‌మని లేచింది. 2012 ప్రాంతంలో తమిళనాడులో గంటల తరబడి కోతలు పెట్టినప్పుడు ఇంటింటికీ వచ్చిన సామాను అది. కోతలు తగ్గాయి, అది ఉండిపోయింది. చవకరకం ఇన్వర్టరు ఇచ్చే కరెంటు నున్నగా ఉండదు, దాని మీద తిరిగే ఫ్యాను కూడా మూలుగుతుంది. వీధి మొత్తానికి కరెంటు పోతే ఎదుటి అపార్టుమెంటు జనరేటరు కూడా తోడవుతుంది. కరెంటు పోతే చప్పుడు పెరిగే కాలం ఇది! లోపలినుంచి కొడుకు "నాయనా, ఏసీ ఆగింది" అన్నాడు. వాడికి రొద వినబడదు గానీ రొద ఆగితే మెలకువ వస్తుంది.

అయినా వదల్లేదు. ఇన్వర్టరునూ ఆపించి, గోడలకూ గొట్టాలకూ చెవి ఆనించి తిరిగాను. పక్క మేడ మీద నీళ్ళ ఒత్తిడి పెంచే పంపు ఒకటుంది. రబ్బరు దిమ్మలు లేకుండా నేరుగా స్లాబు మీద బిగించారు. ఎవరో రాత్రి కొళాయి తిప్పితే చాలు, పంపు లేస్తుంది, స్లాబు డప్పులా మోగుతుంది, ఆ మోత రెండు ఇళ్ళకూ ఉమ్మడిగా ఉన్న గోడలోంచి నా మంచం తలాపుకు దిగుతుంది. వాళ్ళింటి ఆయనకు చెబితే తిట్టలేదు, వాదించలేదు. పంపు కింద రబ్బరు వేయించాడు, గొట్టం మధ్య ఒక మెత్తటి ముక్క పెట్టించాడు. సగం రొద తగ్గింది. తిట్టుకునే అవకాశం మాత్రం పోయింది. ఆ ఇంటివాళ్ళ రాగులు కొలిచే మనిషిని కూడా కాదు నేను, పేరు కూడా ఆ రోజే తెలిసింది.

మిగిలిన సగానికి యజమాని ఇంకా దొరకలేదు. హొసూరు 2019లో కార్పొరేషన్ అయింది కదా, కార్పొరేషన్‌కు చెప్పు అంటారు. కాలుష్యం వాళ్ళకు చెప్పు అంటారు. ఫ్యాక్టరీల సంఘానికి చెప్పు అంటారు. ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో కాగితం ఉంది, అందరి కాగితాల్లోనూ నా గది శాంతంగానే ఉంది. మంచాన్ని గోడనుంచి జరిపి గది మధ్యకు తెచ్చుకున్నాను. మా ఆవిడ కాలు తగిలించుకున్న ప్రతిసారీ నన్నూ, నా హెర్ట్జ్‌లనూ కలిపి తిడుతుంది. ఈ ఇంట్లో యజమాని తెలిసిన చప్పుడు అదొక్కటే మిగిలింది.

నిన్న రాత్రి మనవడి గదిలో హోరు వినబడింది. హమ్మయ్య, ఇంకొకడికి కూడా వినబడుతోందని తలుపు తోసుకుని వెళ్ళాను. వాడు సెల్‌ఫోను పక్కన పెట్టుకుని పడుకున్నాడు, హోరు దాంట్లోంచే. "ఇది పెట్టుకుంటేనే నిద్రొస్తుంది తాతా. వాన చప్పుడుంది, ఫ్యాను చప్పుడుంది, విమానం లోపల కూర్చున్నట్టు హోరుంది, నీకేది కావాలి?" అన్నాడు.

"అవన్నీ ఊరికే ఇస్తున్నారా?"

"వాన ఊరికే. విమానం హోరుకు మాత్రం నెల నెలా కట్టాలి."

వాడు కడుతున్నది విమానానికేనట.